రాజీ కుదరలేదు, తరువాత ఏం చెయ్యాలి?

కోర్టులో కేసు ఉంది. జడ్జిగారు రాజీకి పంపారు. రాజీ కుదరలేదు. అంటే కేసు పోయినట్టేనా?

కాదు. రాజీ కుదరకపోవడం వేరు. కేసు ఓడిపోవడం వేరు. రాజీ కుదరకపోతే కేసు మళ్ళీ జడ్జిగారి దగ్గరకే వస్తుంది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నడుస్తుంది. అయితే అప్పటి నుంచి వాయిదాలు మొదలవుతాయి. ఏ వాయిదాకు ఏం జరుగుతుంది? ఎవరు రావాలి? ఏ కాగితం తేవాలి? ఇవి తెలియక చాలామంది ఆడవాళ్ళు నష్టపోతున్నారు. ఈ పాఠంలో వాటిని తెలుసుకుందాం.

రత్నమ్మ కేసు

కావలి దగ్గర ఒక పల్లెలో రత్నమ్మ అనే ఆమె ఉన్నదనుకుందాం. రత్నమ్మకు ఒక అన్న ఉన్నాడు. అమ్మ ముందే పోయింది. నాన్న 2014లో పోయాడు. వీలునామా ఏమీ రాయలేదు. తాతల నాటి నుంచి వచ్చిన భూమి నాలుగు ఎకరాలు ఉంది.

రత్నమ్మకు పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. భర్త చనిపోయాడు. కూలికి పోయి ఇద్దరు పిల్లలను పెంచింది. ఇప్పుడు పెద్దకూతురు నెలలు నిండిన మనిషి.

రత్నమ్మ అన్నను వాటా అడిగింది. అన్న ఒప్పుకోలేదు.

"నీ పెళ్ళికి కట్నం ఇచ్చాం. బంగారం పెట్టాం. ఇంకా వాటా ఏంటి చెల్లెమ్మా?" అన్నాడు.

కొన్ని రోజులకు అన్నే ఒక కాగితం తెచ్చాడు. "యాభై వేలు ఇస్తాను. ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు.

వెనకటి రోజుల్లో అయితే రత్నమ్మ వేలిముద్ర వేసి ఉండేది. ఇప్పుడు చదువు వచ్చింది. కాగితం చేతిలోకి తీసుకుంది. ఒక్కో మాట కూడబలుక్కుని చదివింది. పైన "హక్కు విడుదల దస్తావేజు" అని ఉంది. అంటే భూమి మీద తనకు ఉన్న హక్కు వదులుకుంటున్నట్టు.

"అన్నా, ఇది డబ్బు తీసుకున్న రసీదు కాదు. నేను సంతకం పెట్టను" అంది.

రత్నమ్మ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవా కమిటీ ఆఫీసుకు వెళ్ళింది. 1987లో వచ్చిన న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఆదాయం ఎంత అని చూడరు. కోర్టు ఫీజు కూడా కట్టనక్కరలేదు. రత్నమ్మకు ఒక లాయరమ్మను ఇచ్చారు. లాయరమ్మ భాగపంపిణీ దావా వేసింది. అన్న కూడా లాయరును పెట్టుకుని జవాబు దాఖలు చేశాడు.

కూతురికి వాటా ఉందా?

ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే ఒక చట్టం చేశారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలులోకి వచ్చింది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కాని అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు.

2005లో దేశమంతటికీ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. 2005 సెప్టెంబరు 9 నుంచి అది అమలవుతున్నది. పెళ్ళయినా, కాకపోయినా కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు ఉంటుంది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20 కంటే ముందే రిజిస్టరు అయిన పంపకాలను, అమ్మకాలను తిరగదోడరు.

కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. రత్నమ్మకు అమ్మ లేదు. ఉన్నది అన్నాచెల్లెళ్ళు ఇద్దరే. కాబట్టి నాలుగు ఎకరాల్లో సగం, అంటే రెండు ఎకరాలు ఆమెకు రావాలి.

తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తి వేరు. దానిని ఆయన ఇష్టం వచ్చినవారికి వీలునామా రాయవచ్చు. ఇతర మతాల వారికి వారసత్వ చట్టాలు వేరుగా ఉంటాయి. అందువల్ల ఎవరి కేసు వారు లాయరును అడిగి తెలుసుకోవాలి.

రాజీకి ఎందుకు పంపారు?

సివిల్ కేసుల్లో రాజీకి వీలుంటే జడ్జిగారు ముందు రాజీకి పంపుతారు. దీనికి చట్టంలో 89వ సెక్షను ఉంది. 2002 జులై నుంచి అది అమలులో ఉంది. రాజీ చేయించే మనిషిని మధ్యవర్తి అంటారు. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ.

రత్నమ్మ, అన్న మూడుసార్లు మధ్యవర్తి దగ్గర కూర్చున్నారు. అన్న అర ఎకరం ఇస్తానన్నాడు. రత్నమ్మ విసిగిపోయింది. "ఎకరం ఇయ్యి అన్నా, ఇంక గొడవ వద్దు" అంది. అన్న అదీ ఒప్పుకోలేదు. రాజీ కుదరలేదు.

ఆ రాత్రి రత్నమ్మకు నిద్ర పట్టలేదు. తెల్లవారి లాయరమ్మ దగ్గరకు పోయింది.

"అమ్మా, తప్పు చేశానేమో. ఎకరం చాలు అన్నాను. జడ్జిగారు ఎకరమే ఇస్తే ఎట్లా?" అని అడిగింది.

లాయరమ్మ ఇలా చెప్పింది.

"భయపడకండి రత్నమ్మా. మధ్యవర్తి దగ్గర మాట్లాడిన మాటలు అక్కడితో సరి. వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. మీరు ఎకరం అన్నారని మీ అన్న చెప్పకూడదు. ఆయన అర ఎకరం అన్నాడని మనమూ చెప్పకూడదు. మధ్యవర్తి కోర్టుకు రాసేది ఒక్కటే మాట. రాజీ కుదరలేదని. ఎవరు ఏమన్నారో రాయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మన దావాలో రెండు ఎకరాలు అడిగాం. ఇప్పుడూ అదే అడుగుతాం."

రత్నమ్మ మనసు కుదుట పడింది.

ముందు భూమి కాపాడుకోవాలి

రత్నమ్మ ఇంకో మాట చెప్పింది. "అన్న ఎవరితోనో బేరం చేస్తున్నాడట. భూమి అమ్మేస్తాడని పొరుగింటి పిన్ని చెప్పింది."

"అయితే ఆలస్యం చెయ్యకూడదు. భూమి అమ్మకుండా తాత్కాలికంగా ఆపమని కోర్టును అడుగుదాం. దాన్నే ఇంజంక్షన్ అంటారు. రేపే దరఖాస్తు వేస్తాను. ఒకవేళ ఈలోగా అమ్మినా, కేసు నడుస్తుండగా కొన్నవాడు కోర్టు తీర్పుకు కట్టుబడాలి. ఆస్తి బదిలీ చట్టంలో 52వ సెక్షను అదే చెబుతుంది. కాని అమ్మాక పరుగెత్తడం కంటే ముందే ఆపడం మేలు" అంది లాయరమ్మ.

రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ తీసుకోవాలని కూడా చెప్పింది. ఈసీలో ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టులు కనిపిస్తాయి.

తరువాతి మెట్లు

మధ్యవర్తి నివేదిక వచ్చాక కేసు జడ్జిగారి ముందుకు వచ్చింది. జడ్జిగారు ఇద్దరు లాయర్లను అడిగారు. మీకు సాక్షులు ఎంతమంది? ఎన్ని రోజులు పడుతుంది? అని. ఆ తరువాత వాయిదాలు వేశారు.

కేసు మెట్లు ఇలా ఉంటాయి.

ఒకటో మెట్టు: తగాదా ఏమిటో తేల్చడం. ఇద్దరి కాగితాలు చూసి, దేని మీద గొడవ ఉందో జడ్జిగారు ప్రశ్నలుగా రాస్తారు. వీటిని వివాదాంశాలు అంటారు. రత్నమ్మ కేసులో ప్రశ్నలు ఇవి. భూమి తాతల నాటిదా? రత్నమ్మకు సగం వాటా వస్తుందా?

రెండో మెట్టు: సాక్షుల పేర్లు ఇవ్వడం. వివాదాంశాలు రాసిన 15 రోజుల లోపల సాక్షుల జాబితా ఇవ్వాలి. ఈ గడువు మరిచిపోకూడదు.

మూడో మెట్టు: దావా వేసినవారి సాక్ష్యం. రత్నమ్మ తన మాటను ముందు కాగితం మీద ప్రమాణం చేసి ఇస్తుంది. దాన్ని అఫిడవిట్ అంటారు. ఆ తరువాత అవతలి లాయరు ప్రశ్నలు వేస్తాడు. దీన్ని క్రాసు అంటారు. ఆ రోజు రత్నమ్మ తప్పకుండా రావాలి. తరువాత ఆమె సాక్షులు వస్తారు.

నాలుగో మెట్టు: అవతలివారి సాక్ష్యం. అన్న, ఆయన సాక్షులు చెబుతారు. వారిని రత్నమ్మ లాయరు ప్రశ్నిస్తుంది.

ఐదో మెట్టు: వాదన. ఇద్దరు లాయర్లు వాదిస్తారు.

ఆరో మెట్టు: తీర్పు. వాదన ముగిశాక మామూలుగా 30 రోజుల్లో తీర్పు చెప్పాలి. ప్రత్యేక కారణం ఉంటే 60 రోజుల వరకు పట్టవచ్చు.

వాయిదాలు వేసుకున్న తీరు

వాయిదా వేసేది జడ్జిగారే. కాని మన ఇబ్బంది ముందుగా చెబితే వింటారు. అందుకే లాయరమ్మ ముందే అడిగింది.

"ఏయే రోజుల్లో మీరు రాలేరు?"

రత్నమ్మ వేళ్ళ మీద లెక్క వేసింది. "ఏప్రిల్ మొదటి వారంలో పాప కాన్పు. అప్పుడు నేను ఆస్పత్రిలో ఉండాలమ్మా. మార్చిలో వరికోతలు ఉంటాయి. కాని కేసు కోసం ఒక రోజు కూలి పోయినా పోతుందిలే. కాన్పు మాత్రం ఆగదు."

జడ్జిగారు క్రాసుకు ఏప్రిల్ 2 వెయ్యబోయారు. లాయరమ్మ లేచి సంగతి చెప్పింది. అవతలి లాయరు అడ్డు చెప్పలేదు. జడ్జిగారు ఏప్రిల్ 9 వేశారు.

మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు ఉంటాయి. అందుకని అన్న సాక్ష్యం జూన్‌కు పోయింది.

రత్నమ్మ ఒక నోటుబుక్కు కొన్నది. దానికి "కేసు పుస్తకం" అని పేరు పెట్టింది. అందులో ఇలా రాసుకుంది.

మార్చి 5: వివాదాంశాలు. లాయరమ్మ వెళ్తుంది. నేను వెళ్ళకపోయినా ఫరవాలేదు.
మార్చి 20: సాక్షుల పేర్లు ఇవ్వడానికి ఆఖరి రోజు. మార్చి 15కే పేర్లు లాయరమ్మకు చెప్పాలి.
మార్చి 26: నా అఫిడవిట్. ముందు రోజే వెళ్ళి చదువుకోవాలి. తరువాతే సంతకం.
ఏప్రిల్ 9: క్రాసు. నేను తప్పకుండా వెళ్ళాలి. అసలు కాగితాలు తీసుకుపోవాలి.
ఏప్రిల్ 23: నా సాక్షులు. మేనమామ, పొరుగింటి పిన్ని. ఛార్జీలకు డబ్బు ఉంచాలి.
మే: సెలవులు.
జూన్ 18: అన్న సాక్ష్యం.
జులై 9: వాదన.

"ఇదంతా ఇట్లాగే జరుగుతుందా అమ్మా?" అని రత్నమ్మ అడిగింది.

"అన్నీ అనుకున్నట్టు జరగవు రత్నమ్మా. సాక్షి రాకపోవచ్చు. జడ్జిగారు సెలవులో ఉండవచ్చు. భూమి కేసులు కొన్ని ఏళ్ళ తరబడి కూడా నడుస్తాయి. కాని ఊరికే వాయిదాలు అడగడానికి వీలులేదు. విచారణ సమయంలో ఒక్కొక్కరికి మూడు వాయిదాల కంటే ఎక్కువ ఇవ్వకూడదని చట్టంలో ఉంది. వాయిదా అడిగినవారు కారణం చూపాలి. ఖర్చులు కట్టమని కోర్టు చెప్పవచ్చు. వాళ్ళు వాయిదా అడిగితే మనం అడ్డు చెప్పవచ్చు. అందుకు మనం తయారుగా ఉండాలి" అంది లాయరమ్మ.

వాయిదాకు పోకపోతే?

ప్రతి వాయిదాకు మనం పోనక్కరలేదు. లాయరు పోతే చాలు. కాని సాక్ష్యం చెప్పే రోజు మనం ఉండాలి.

దావా వేసినవారు గాని, వారి లాయరు గాని రాకపోతే, అవతలివారు వస్తే, కేసు కొట్టివేయవచ్చు. సరైన కారణం చూపి, 30 రోజుల లోపల దరఖాస్తు పెట్టుకుంటే కేసును మళ్ళీ తెరవవచ్చు. అవతలివారు రాకపోతే వారు లేకుండానే కేసు నడుస్తుంది. దాన్ని ఎక్స్‌పార్టీ అంటారు. అలా వచ్చిన డిక్రీని రద్దు చేయమని అడగడానికి వారికీ 30 రోజుల గడువు ఉంటుంది.

జబ్బు చేసినా, కాన్పు వచ్చినా, చావు జరిగినా ఆ సంగతి వెంటనే లాయరుకు చెప్పాలి. ఆస్పత్రి చీటీ దాచుకోవాలి. తరువాత చెబుదాంలే అనుకోకూడదు.

వాయిదా తేదీ మనమే తెలుసుకోవచ్చు. ప్రతి కేసుకు 16 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక నంబరు ఉంటుంది. దాన్ని సీఎన్ఆర్ నంబరు అంటారు. సెల్‌ఫోనులో ఈ-కోర్ట్స్ అనే యాప్ ఉంది. అందులో ఆ నంబరు కొడితే తరువాతి వాయిదా తెలుస్తుంది. రత్నమ్మ ఆ నంబరును కేసు పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది. ఇంట్లో చదువుకునే కొడుకు చేత ఫోనులో చూపించుకుంది. తరువాత తనే చూసుకోవడం నేర్చుకుంది.

క్రాసు రోజు

ఏప్రిల్ 9న రత్నమ్మ బోనులో నిలబడింది. కాళ్ళు వణికాయి. అవతలి లాయరు గట్టిగా అడిగాడు.

"మీ పెళ్ళికి మీ అన్న ఖర్చు పెట్టాడా లేదా?"

"నాన్న బతికి ఉన్నప్పుడు పెళ్ళయింది. ఖర్చు నాన్న పెట్టాడు. అన్న పనులు చూశాడు."

"ఎంత ఖర్చయింది?"

"నాకు తెలియదు."

లాయరమ్మ ముందే చెప్పింది. అడిగినదానికే జవాబు చెప్పాలి. తెలిస్తే చెప్పాలి. తెలియకపోతే తెలియదు అనాలి. అబద్ధం ఆడకూడదు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమని జడ్జిగారిని కోరవచ్చు. రత్నమ్మ అట్లాగే చేసింది.

చెప్పినదంతా టైపు చేశారు. సంతకం పెట్టమన్నారు. రత్నమ్మ "చదివి వినిపించండయ్యా" అని అడిగింది. చదివి వినిపించారు. తను చెప్పినట్టే ఉంది. అప్పుడు సంతకం పెట్టింది.

తీర్పు వచ్చాక కూడా పని ఉంది

భూమి పంపకం కేసుల్లో తీర్పు రెండు మెట్లుగా ఉంటుంది. మొదట ఎవరికి ఎంత వాటా అని చెబుతారు. ఇది ప్రాథమిక డిక్రీ. ఆ తరువాత కోర్టు ఒక కమిషనరును పంపుతుంది. సర్వేయరు సాయంతో ఆయన భూమి కొలుస్తాడు. ఏ వైపు ఎవరిదో నివేదిక ఇస్తాడు. దానిమీద తుది డిక్రీ వస్తుంది. అప్పుడే భూమి చేతికి వచ్చే దారి ఏర్పడుతుంది.

చాలామంది మొదటి డిక్రీతోనే అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చుంటారు. ఏళ్ళు గడిచిపోతాయి. ప్రాథమిక డిక్రీ ఇచ్చిన కోర్టు, వేరే దరఖాస్తు కోసం ఆగకుండా, తుది డిక్రీ పనికి తనే వాయిదా వెయ్యాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మనం కూడా అడుగుతూ ఉండాలి.

తీర్పు నచ్చకపోతే పై కోర్టుకు పోవచ్చు. జిల్లా కోర్టుకు అయితే 30 రోజులు, హైకోర్టుకు అయితే 90 రోజులు గడువు. తీర్పు నకలుకు వెంటనే దరఖాస్తు పెట్టాలి. నకలు రావడానికి పట్టిన రోజులను గడువులో లెక్కించరు.

రాజీ తలుపు ఎప్పుడూ మూసుకోదు. కేసు నడుస్తుండగా మధ్యలో ఎప్పుడైనా రాజీ పడవచ్చు. లోక్ అదాలత్‌లో కూడా రాజీ పడవచ్చు. కాని లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. అందుకని ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరు, ఏ వైపు, ఎప్పటిలోగా అన్నవి కాగితం మీద చదువుకోవాలి. చదివాకే సంతకం పెట్టాలి.

దగ్గర ఉంచుకోవలసిన కాగితాలు

పట్టాదారు పాసుపుస్తకం నకలు, అడంగల్, 1బి
ఈసీ
తండ్రి మరణ ధ్రువపత్రం
కుటుంబ సభ్యుల ధ్రువపత్రం
దావా నకలు, అవతలివారి జవాబు నకలు
కేసు నంబరు, సీఎన్ఆర్ నంబరు, లాయరు ఫోను నంబరు

వీటిలో కొన్ని మీసేవ కేంద్రంలో దొరుకుతాయి. అసలు కాగితాలు ఎవరికి ఇచ్చినా రసీదు తీసుకోవాలి. న్యాయ సహాయం కోసం 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

కొత్త మాటలు

దావా: కోర్టులో వేసే సివిల్ కేసు
వాయిదా: కేసు మళ్ళీ వచ్చే రోజు
మధ్యవర్తి: రాజీకి సాయపడే మనిషి
వివాదాంశం: కోర్టు తేల్చవలసిన ప్రశ్న
డిక్రీ: కోర్టు తీర్పును అమలు చేయడానికి ఇచ్చే ఉత్తర్వు

జవాబులు చెప్పండి

1. రత్నమ్మ అన్న తెచ్చిన కాగితం మీద ఎందుకు సంతకం పెట్టలేదు?
2. మధ్యవర్తి దగ్గర "ఎకరం చాలు" అన్నందువల్ల రత్నమ్మకు నష్టం జరిగిందా? ఎందుకు?
3. వివాదాంశాలు మార్చి 5న రాస్తే సాక్షుల జాబితాకు ఆఖరి రోజు ఏది? లెక్క వెయ్యండి.
4. ఏ వాయిదాకు లాయరు ఒక్కరు పోతే చాలు? ఏ వాయిదాకు మనమే పోవాలి?
5. ప్రాథమిక డిక్రీ వచ్చాక ఇంకా ఏ పని మిగిలి ఉంటుంది?

అందరూ కూర్చుని మాట్లాడుకోండి

మీ ఊళ్ళో కూతుళ్ళకు భూమిలో వాటా ఇస్తున్నారా? అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని ఆడవాళ్ళు భయపడుతున్నారా? ఆ భయం ఎట్లా పోతుంది?

రాయండి

మీ నోటుబుక్కులో ఒక పేజీకి నాలుగు గళ్ళు గీయండి. తేదీ, ఆ రోజు పని, ఎవరు పోవాలి, ఏం తీసుకుపోవాలి అని పైన రాయండి. మీకు గాని, మీ చుట్టాలకు గాని కేసు ఉంటే ఆ వాయిదాలు అందులో నింపండి. కేసు లేకపోతే రత్నమ్మ వాయిదాలు చూసి రాయండి.